చిన్నప్పటి దూరదర్శన్ సీరియళ్లు నిజంగా అంత బాగుండేవా?

"చిన్నప్పుడు టీవీలో చూసిన రామాయణం, మహాభారతం లాంటివి నిజంగానే గొప్పవా, లేక అప్పటి వయసు వల్ల మనకలా అనిపిస్తోందా?" అని అడిగారు. నా జవాబు ఇది: కొన్ని నిజంగానే గొప్పవి. కొన్ని ఇప్పుడు పది నిమిషాలు కూర్చుని చూడలేం. అయితే మా ఇంట్లో వాటిని చూసిన తీరు వేరు. మాకెవ్వరికీ హిందీ రాదు. అందుకని నాకు గుర్తున్న మహాభారతంలో సగం ఆ సీరియల్ తీసిన బి.ఆర్. చోప్రాది, సగం మా నాయనమ్మది. ఆ సంగతి చెప్పకుండా బాగుంది, బాగాలేదు అంటే సగం జవాబే అవుతుంది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1987 జనవరిలో రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. ఆ ఏడు పంట డబ్బులు చేతికి రాగానే నాన్న టీవీ కొన్నారు. ఈసీ టీవీ, హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లది. నలుపు తెలుపు బొమ్మ, చెక్క పెట్టె, ముందు పక్కకి జరిపే తలుపులు. మా వీధిలో అది రెండోది. ఆదివారం పొద్దున స్నానం చేయకుండా దాని ముందు కూర్చోనిచ్చేది కాదు నాయనమ్మ. రాముడిగా అరుణ్ గోవిల్ తెర మీదికి రాగానే ఎదురింటి పెద్దమ్మ లెంపలు వేసుకునేది. మా పొలం పనికి వచ్చే తాత మాత్రం ఎంత పిలిచినా గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు, అక్కడే గొంతుక్కూర్చుని చూసేవాడు. ఎందుకు రాలేదో నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు. అందరం ఒక్కచోట కూర్చుని చూసేవాళ్లం అని ఎవరైనా అంటే నాకు ముందు ఆ గుమ్మమే గుర్తొస్తుంది, బాధేస్తుంది.

నాయనమ్మ చదివింది మూడో తరగతి. కానీ రామాలయంలో పురాణం, దసరాకి హరికథలు, తెల్లవార్లూ ఆడే రాయబారం నాటకాలు వినీ వినీ ఆమెకి రానిది లేదు. హిందీలో రామ్, లక్ష్మణ్, దశరథ్ అని పిలుస్తుంటే ఆమెకి నచ్చేది కాదు. "పేరు పూర్తిగా పిలిస్తే సొమ్మేం పోయింది?" అనేది. మిగతా మాటల్లో మాత్రం సంస్కృతం ఎక్కువ కదా, ధర్మం, ప్రతిజ్ఞ, వచనం, వంశం అంటూ ఏదో ఒకటి చెవిన పడేది. ఒక్క ముక్క దొరికితే చాలు, దారం లాగినట్టు కథంతా లాగేది. మహాభారతంలో ఆకాశంలో తిరిగే చక్రం కనిపించి గంభీరంగా ఒక గొంతు మాట్లాడేది గుర్తుందా? హరీష్ భిమానీ గొంతు. అదెవరని నేనడిగితే, "సమయ్ అంటున్నాడుగా, కాలం మాట్లాడుతోంది" అంది. ఎంత తేలిగ్గా చెప్పిందో! నాకు తొమ్మిదేళ్లప్పుడు కాలం మాట్లాడటం అనేది మామూలు విషయం అయిపోయింది.

మహాభారతం 1988 అక్టోబర్ 2న మొదలై 1990 జూన్ 24న అయిపోయింది, 94 భాగాలు. మన పెద్దవాళ్లకి అదొక పరీక్ష. కృష్ణుడన్నా దుర్యోధనుడన్నా వాళ్ల కళ్లకి ఎన్టీ రామారావే. పైగా ఆ సీరియల్ మొదలైనప్పుడు ఆయనే మన ముఖ్యమంత్రి. మొదట్లో మా నాన్న "వీడేం కృష్ణుడు" అన్నారు. నాలుగైదు వారాలయ్యాక నితీశ్ భరద్వాజ్ నవ్వితే తనూ నవ్వడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. 1989లో ఒక ఆదివారం, బయట వాన. ఇంటినిండా జనం. జూదం అయిపోయింది. దుశ్శాసనుడు ద్రౌపదిని జుట్టు పట్టుకుని సభలోకి ఈడ్చుకొచ్చాడు. రూపా గంగూలీ తలెత్తి అందరివైపూ చూస్తోంది. అప్పుడు కరెంట్ పోయింది. తెర మధ్యలో తెల్లటి చుక్క ఒకటి కాసేపు మిగిలి, అదీ ఆరిపోయింది. "అయ్యో" అన్నారు అందరూ, కానీ ఎవరూ లేవలేదు. నాయనమ్మ పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. పళ్లెం పక్కన పెట్టి, కొంగు భుజం మీదికి లాక్కుని, "ఏమడిగిందంటే..." అని మొదలుపెట్టింది.

"మా ఆయన ముందు నన్ను ఓడి తర్వాత తనను ఓడాడా? ముందు తనను ఓడి తర్వాత నన్ను ఓడాడా? తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిది? చెప్పండి అంది." అక్కడితో ఆపింది. మా నాన్న వైపు తిరిగి, "నువ్వు భీష్ముడివిరా. చెప్పు" అంది. నాన్న నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశారు. కాసేపటికి "ధర్మం సూక్ష్మం అమ్మా, నేను చెప్పలేను" అన్నారు. "అదే, భీష్ముడూ అదే అన్నాడు" అని ఎదురింటి పెదనాన్నని ద్రోణుడిని చేసింది. ఆయన తల దించుకున్నాడు. అలా గదిలో ఒక్కొక్కరినీ అడిగింది. నిజంగా ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి మా తమ్ముడిని లేపి నిలబెట్టింది, వాడికి ఏడేళ్లు. "వీడు వికర్ణుడు. దుర్యోధనుడి తమ్ముడే. ఇది తప్పు అని వీడొక్కడే అన్నాడు." వాడు బిక్కమొహం వేసుకుని "తప్పు" అన్నాడు. పెద్దమ్మ వాడిని ఒళ్లోకి లాక్కుని ముద్దు పెట్టుకుంది.

చీర లాగే ఘట్టం వచ్చింది. ద్రౌపది రెండు చేతులూ పైకెత్తేసింది, చీర వచ్చింది, ఒకటి లాగితే ఇంకొకటి, సభలో గుట్ట పడింది, దుశ్శాసనుడు చెమటలు కక్కి కూలబడ్డాడు. "మరి కృష్ణుడు కనపడ్డాడా?" అనడిగాను.

"కనపడలేదు. కనపడితే వాళ్లంతా లేచి దణ్ణం పెట్టేసి తప్పించుకునేవాళ్లు. ఎవరికీ కనపడలేదు. చీరలే కనపడ్డాయి."

కరెంట్ వచ్చేసరికి టీవీలో ఇంకేదో కార్యక్రమం నడుస్తోంది.

ఇక మీరడిగిన గొప్పా కాదా అనే మాటకి వస్తాను. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టగానే దూరదర్శన్ రెండింటినీ మళ్లీ వేసింది. ఈలోపు నేను ఉద్యోగం కోసం హిందీ నేర్చుకున్నాను, అందుకని అన్ని మాటలూ అర్థమయ్యాయి. రామాయణం నాకు కష్టమైంది. ఒక్క కబురు వస్తే సభలో ప్రతి మొహాన్నీ ఒక్కొక్కటిగా చూపిస్తారు, ఉరుము ఉరుముతుంది, మళ్లీ చూపిస్తారు. రవీంద్ర జైన్ పాటలూ, రావణుడిగా అరవింద్ త్రివేది నిలబడే తీరూ మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అది నటన చూడ్డానికి కాకుండా పూజలా చూడ్డానికి తీసిన సీరియల్. అలా చూసే మా అమ్మకి ఇప్పటికీ అది చాలా బాగుంది, ఆమె మాట తప్పని నేననను.

మహాభారతం అలా కాదు. సెట్లు అట్టముక్కల్లా కనపడతాయి, యుద్ధంలో బాణాలు గాల్లో ఢీకొనే బొమ్మలు ఇప్పటి పిల్లల కంటికి ఆనవు. కానీ రాహీ మాసూమ్ రజా రాసిన మాటలున్నాయే, అవి వింటుంటే వెన్ను నిటారుగా అవుతుంది. ఒక ముస్లిం కవి రాసిన మహాభారతం దేశమంతా పనులు మానుకుని వింది. ఆ సంగతి మన పిల్లలకి తప్పకుండా చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

అన్నిటికంటే బాగా నిలిచింది అంటే నేను ఆర్.కె. నారాయణ్ కథలతో తీసిన మాల్గుడి డేస్ పేరే చెబుతాను. శంకర్ నాగ్ దాన్ని కర్ణాటకలోని ఆగుంబెలో తీశారు. బొమ్మలు ఆర్.కె. లక్ష్మణ్‌వి, సంగీతం ఎల్. వైద్యనాథన్‌ది. స్వామిగా మాస్టర్ మంజునాథ్, వాళ్ల నాన్నగా గిరీశ్ కర్నాడ్. మాట్లాడేది హిందీయే అయినా ఆ అరుగులు, పంచెలు, మధ్యాహ్నపు ఎండ అన్నీ మనవే. ఏడిపించడానికి సంగీతం మోగించరు. కథ అయిపోగానే ఆగిపోతుంది. మా అమ్మాయి మొదటి భాగం చూసి ఇంకోటి పెట్టమంది.

తెలుగు కార్యక్రమాల దగ్గరికొస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది. 1983 నవంబర్ 14న శాంతి స్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివారు. ఎదురుగా అక్షరాలు చూపించే ప్రాంప్టర్ లేదు, అంతా ముందే చదివి గుర్తుపెట్టుకుని చెప్పేవారు. ఆయన 2024లో పోయారని విన్నప్పుడు మా అమ్మ, "ఆయన మాటలో తొందర ఉండేది కాదు" అంది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ' వచ్చే పూట నాన్న పొలం నుంచి ముందే వచ్చేసేవారు. శుక్రవారం చిత్రలహరి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. హిందీ సీరియళ్లు ఇన్నేళ్ల తర్వాత కూడా ఏ మూలకి వెతికినా దొరుకుతున్నాయి. మన తెలుగువి నేను వెతికిన మేరకు చిన్న చిన్న ముక్కలే దొరికాయి. ఆనందోబ్రహ్మ పూర్తిగా మళ్లీ ఒక్కసారి చూపిస్తే చాలని ఉంది. నాకు నవ్వొస్తుందో రాదో తెలుసుకోవాలి.

ఆ తర్వాత ప్రైవేటు చానళ్లు వచ్చాయి. 1997లో దూరదర్శన్‌లోనే శక్తిమాన్ వచ్చేసరికి నేను కాలేజీ, అది నాకు పట్టలేదు. 2001లో జెమినీలో మొదలైన అమృతం మాత్రం మా పిల్లలు ఇప్పుడు అన్నం తింటూ యూట్యూబ్‌లో చూస్తారు. అద్దె కోసం అప్పాజీ పీడించడం, గుండు హనుమంతరావు ఆంజనేయులుగా సలహాలివ్వడం, అమృత విలాస్‌లో సర్వం చేసే గందరగోళం, ఇవన్నీ అప్పటి కాలం తెలియని వాళ్లకి కూడా నవ్వు తెప్పిస్తున్నాయి. కాబట్టి అది వయసు మహిమ కాదు, రాసిన గుణ్ణం గంగరాజు గారి బృందం గొప్పదనమే.

2020లోనే ఒక రాత్రి ద్యూతసభ భాగం వచ్చింది. అప్పటికి నాయనమ్మ పోయి పంతొమ్మిదేళ్లు. నాన్న కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు. రూపా గంగూలీ తలెత్తి చూడగానే "ఇక్కడే కదూ కరెంట్ పోయింది?" అన్నారు. ఆయనకీ గుర్తుంది. ముప్పై ఏళ్ల కిందట మేం చూడలేకపోయిన మిగతా భాగాన్ని ఇద్దరం మాట్లాడకుండా చూశాం. బాగా తీశారు. ఆమె అడిగిన ప్రశ్న హిందీలో విన్నా గుండె అదిరింది. తర్వాత దుశ్శాసనుడు లాగడం మొదలుపెట్టాడు. తెర మీద పైన కృష్ణుడు వెలిగిపోతూ ప్రత్యక్షమయ్యాడు, చెయ్యి ఎత్తాడు, ఆ చేతిలోంచి చీర జాలువారింది.

నాన్న నా వైపు తిరిగారు. "కనపడ్డాడే" అన్నారు. "అమ్మ కనపడలేదు అంది."