కరెంటు, కీమో నడుస్తుండగా ‘వేడి వైద్యం’ కూడా చేయించాలా?

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర పల్లె. అమ్మకు 54 ఏళ్లు. ముట్లు ఆగిపోయిన కొన్నేళ్ల తర్వాత మళ్లీ రక్తస్రావం కనిపిస్తే పరీక్షలు చేయించాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 3బి దశ అన్నారు. ఆపరేషన్ కుదరదట. 25 సార్లు కరెంటు (బయటి నుంచి రేడియేషన్), వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో, ఆ తర్వాత లోపలి నుంచి రేడియేషన్ ఇస్తామన్నారు. ప్రభుత్వ పథకం కింద వైద్యం మొదలై రెండు వారాలైంది. ఇంతలో మా బంధువు ఒకాయన గడ్డను వేడితో కరిగించే ‘హైపర్‌థెర్మియా’ వైద్యం ఉందని, అది చేయిస్తే కీమో అవసరమే రాదని ఒక వీడియో పంపారు. అక్కడ ఖర్చు లక్షల్లో చెబుతున్నారు. పొలం అమ్మైనా చేయిద్దామని అన్నయ్య అంటున్నాడు. ఇప్పుడు జరుగుతున్న వైద్యం ఆపి అక్కడికి తీసుకెళ్లమంటారా? అది కుదరకపోతే ఇంట్లోనే పొత్తికడుపుకు కాపడం పెడితే కొంతైనా ఫలితం ఉంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆపకండి. ఒక్క రోజు కూడా. ఈ జవాబులో మిగతాది చదివే తీరిక లేకపోయినా, ఈ ముక్క మీ అన్నయ్యకు చేరితే చాలు.

కారణం చెబుతాను. రేడియేషన్ మొదలైన మూడు నాలుగు వారాలకు, అప్పటికింకా చావని క్యాన్సర్ కణాలు మునుపటి కంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అందుకే ఈ జబ్బులో బయటి నుంచి ఇచ్చే కరెంటు, లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ రెండూ కలిపి 8 వారాల్లో, అంటే 56 రోజుల్లో ముగించాలని చూస్తాం. గడువు దాటాక గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున జారిపోతుందని పాత అధ్యయనాల అంచనా. మీ అమ్మగారికి అందులో రెండు వారాలు గడిచాయి. ఇప్పుడు మానేసి కొత్త చోటికి వెళితే మళ్లీ స్కాన్లు, మళ్లీ ప్లానింగ్, మళ్లీ వాయిదాలు. పది పన్నెండు రోజులు ఇట్టే పోతాయి. ఆ నష్టాన్ని ఏ వేడీ పూడ్చలేదు.

అలాగని మీ బంధువు పంపిన వీడియోలోని విషయమంతా బూటకమని కొట్టిపారేయను. హైపర్‌థెర్మియా నాటువైద్యం కాదు. దాని వెనుక దశాబ్దాల పరిశోధన ఉంది. వీడియోలో చెప్పిన తీరులోనే తేడా ఉంది.

గడ్డ ఉన్న భాగాన్ని 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించి, దాదాపు గంటసేపు ఆ వేడిలోనే ఉంచడం ఈ వైద్యం. వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు చేస్తారు. ఆ వేడికి గడ్డ కరగదు. వేడి ఒక్కటే ఇస్తే ఈ క్యాన్సర్ నయం కాదు కూడా. అది రేడియేషన్ పనిని తేలిక చేస్తుంది, అంతే. రేడియేషన్ చేసేది క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏను తెంచడం. తెగిన పోగులను మళ్లీ అతికించుకునే ఏర్పాటు ఆ కణాలకూ ఉంటుంది. 41, 42 డిగ్రీల వేడిలో ఆ మరమ్మతు కొన్ని గంటలపాటు కుంటుపడుతుంది. రొమ్ము క్యాన్సర్ గురించిన వార్తల్లో బీఆర్‌సీఏ2 అనే పేరు మీరు వినే ఉంటారు. మరమ్మతులో ముఖ్యమైన ఆ ప్రోటీను ఇంత కొద్దిపాటి వేడికే విచ్ఛిన్నమవుతుందని 2011లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చూపించారు.

రెండో సంగతి ఆక్సిజన్. మీ అమ్మగారికి ఉన్నలాంటి పెద్ద గడ్డల నడిమధ్యకు రక్తం సరిగా చేరదు. ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే అందే కణానికి కావలసిన దానికన్నా రెండున్నర నుంచి మూడు రెట్లు రేడియేషన్ కావాలి. ఆ భాగం వెచ్చబడితే రక్తప్రసరణ పెరిగి కొంత ఆక్సిజన్ అందుతుంది. పైగా అలా ఊపిరాడక ఆమ్లగుణం పెరిగిన కణాలే వేడికి ముందుగా లొంగుతాయి. రేడియేషన్‌కు మొండికేసేవి వేడికి తట్టుకోలేకపోవడం ఈ జోడీలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం. సిస్‌ప్లాటిన్ కూడా వేడెక్కిన కణంలో మరింత గట్టిగా పనిచేస్తుంది. కాబట్టి మూడింటినీ కలపాలన్న ఆలోచనలో తర్కం ఉంది.

అయితే ప్రయోగశాలలో నిలిచిన తర్కం రోగుల్లోనూ నిలవాలి కదా. ఇక్కడ కథ కాస్త చిక్కుపడింది.

ఈ వైద్యం పేరు చెప్పేవారందరూ చూపించేది నెదర్లాండ్స్ అధ్యయనమే. 1990 నుంచి 1996 వరకు 358 మందితో జరిగింది, 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వారిలో 114 మందిది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆ 114 మందిలో మూడేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు రేడియేషన్ మాత్రమే తీసుకున్న వర్గంలో 27 శాతం, వేడి కూడా తోడైన వర్గంలో 51 శాతం. దాదాపు రెట్టింపు. 12 ఏళ్ల తర్వాత లెక్క చూసినా ఆ తేడా నిలిచే ఉంది. ఇది చిన్న ఫలితం కాదు.

కానీ ఆ రోగుల్లో ఎవరికీ రేడియేషన్‌తో పాటు కీమో ఇవ్వలేదన్న సంగతి వీడియోల్లో చెప్పరు. 27 శాతం అన్నది ఈనాటి లెక్కల పక్కన పెడితే చాలా తక్కువ. ఆ రోజుల్లో రేడియేషన్ ఇచ్చిన తీరు మీద కూడా విమర్శలు వచ్చాయి. ఈలోగా, ఆ ఫలితాలు అచ్చుకావడానికి ఏడాది ముందే, 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులందరినీ అప్రమత్తం చేస్తూ ఒక ప్రకటన ఇచ్చింది. ఈ క్యాన్సర్‌లో రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ ఇవ్వడం మంచిదని అప్పుడే తేలింది. సిస్‌ప్లాటిన్ ప్రతి ఆస్పత్రిలో దొరుకుతుంది, ధర తక్కువ, సెలైన్‌లో ఎక్కించవచ్చు. కోట్ల ఖరీదు చేసే వేడి యంత్రాలకూ ఈ చవక మందుకూ మధ్య ప్రపంచం దేన్ని ఎంచుకుని ఉంటుందో మీరే ఊహించగలరు.

ఇక మీకు కావలసిన అసలు ప్రశ్న: కరెంటు, సిస్‌ప్లాటిన్ రెండూ సరిగా అందుతున్న రోగికి వేడి కూడా కలిపితే అదనంగా ఎంత లాభం? 2016లో జపాన్‌లో 101 మంది మీద వచ్చిన ఫలితంలో అయిదేళ్లకు జీవించి ఉన్నవారు 77.8 శాతం, వేడి లేని వర్గంలో 64.8 శాతం. చూడటానికి బాగుంది. కానీ అంత తక్కువ మందిలో ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చని గణాంకాలే చెప్పాయి. 2020లో చైనా నుంచి 435 మందితో వచ్చిన అధ్యయనంలో అయిదేళ్లకు జీవించి ఉన్నవారు వేడి తోడైన వర్గంలో 81.9 శాతం, వేడి లేని వర్గంలో 72.3 శాతం. ఇది గణాంక పరీక్షకు నిలిచింది. కాకపోతే గడ్డ ఉన్నచోటే మళ్లీ రావడంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పొత్తికడుపుకు ఇచ్చిన వేడి పొత్తికడుపులో తేడా చూపకుండా ఆయుష్షును ఎలా పెంచిందన్నది నాకు కొరుకుడుపడని విషయం. ఇంకోవైపు, 2005లో అచ్చయిన 110 మంది అధ్యయనం ఉంది. అనేక కేంద్రాల్లో జరిగిన ఆ అధ్యయనంలో రేడియేషన్‌కు వేడి కలిపినందువల్ల ఏ ప్రయోజనమూ కనబడలేదు. ఇన్ని రకాలుగా చెబుతున్నప్పుడు, మూడూ కలపడాన్ని ‘ఆశ ఉన్న అదనపు వైద్యం’ అని ఒప్పుకుంటాను. ‘చేయించకపోతే తప్పు’ అనే స్థాయికి మాత్రం అది రాలేదు.

వేడి ఇస్తే కీమో అక్కరలేదన్న మాట సంగతేమిటి? దీన్ని కూడా నెదర్లాండ్స్‌లోనే పరీక్షించారు. ఒక వర్గానికి కరెంటుతో పాటు కీమో, ఇంకో వర్గానికి కరెంటుతో పాటు వేడి. 87 మంది చేరేసరికి, అనుకున్న సంఖ్య రాక మధ్యలోనే ఆపేశారు. అప్పటికి రెండు వర్గాల ఫలితాలూ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. కాబట్టి సిస్‌ప్లాటిన్ అసలు పడనివారికి వేడి ఒక ప్రత్యామ్నాయం కావచ్చు. 3బి దశలో ఇది మాటవరసకు చెప్పేది కాదు. గడ్డ మూత్రనాళాన్ని నొక్కి కిడ్నీ వాచడం ఈ దశలో తరచూ చూస్తాం. సిస్‌ప్లాటిన్‌కు కిడ్నీలు బాగుండాలి. కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగితే మందు ఆపక తప్పదు. మీ అమ్మగారికి ఇప్పటికే రెండు వారాల కీమో ఇచ్చారంటే కిడ్నీలు సరిగా ఉన్నాయనే అర్థం. సరిగా పనిచేస్తున్న మందును వదిలి, దానికి ‘బదులు’ కోసం లక్షలు పోయడంలో అర్థం లేదు.

సిస్‌ప్లాటిన్ వల్ల ఎంత లాభమో మన దేశపు లెక్కే ఉంది. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో సరిగ్గా మీ అమ్మగారి దశలోనే, అంటే 3బి దశలోనే ఉన్న 850 మంది మహిళలతో చేసి 2018లో ప్రకటించారు. అయిదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు కరెంటు మాత్రమే తీసుకుంటే 46 శాతం, వారంవారం సిస్‌ప్లాటిన్ కూడా ఇస్తే 54 శాతం. వారానికి ఇచ్చే మోతాదు శరీర వైశాల్యం చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాములు. ఇతర క్యాన్సర్లలో మూడు వారాలకోసారి ఇచ్చే దానికంటే తక్కువ. జుట్టు సాధారణంగా పూర్తిగా ఊడదు. వాంతులకు మంచి మందులున్నాయి. అమ్మగారికి వాంతులు ఆగడం లేదంటే ఆ మాట కీమో రోజు డాక్టరుకు చెప్పండి, మందులు మారుస్తారు. సర్దుకుని ఊరుకోకండి.

పొలం సంగతి. దాని జోలికి వెళ్లవద్దనే నా సలహా. ఖర్చు పెట్టే ఓపిక ఉంటే కరెంటు ఇచ్చే ఆస్పత్రి దగ్గరే ఒక గది అద్దెకు తీసుకోండి. రోజూ బస్సులో వచ్చిపోయే అలసట వల్లా, పండగలూ శుభకార్యాల వల్లా తప్పిపోయే సిట్టింగులే మన దగ్గర ఎక్కువ నష్టం చేస్తున్నాయి. హిమోగ్లోబిన్ పది దాటి ఉండేలా చూసుకోండి. రక్తస్రావంతో వచ్చిన రోగుల్లో అది తరచూ తక్కువే ఉంటుంది, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. రక్తం తగ్గితే గడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది. వేడి యంత్రంతో సాధించాలనుకునే దానిలో కొంత భాగం ఇలా చవకగానే దక్కుతుంది.

ఇంకా ముఖ్యమైనది బ్రాకీథెరపీ. గర్భాశయం లోపలికి సన్నని గొట్టాలు పెట్టి, గడ్డకు ఆనుకునేలా రేడియేషన్ ఇస్తారు. ఇది లేకుండా 25 సిట్టింగులు పూర్తిచేసినా వైద్యం సగంలో ఆగినట్టే. రక్తస్రావం ఆగిపోయి, నొప్పి తగ్గి, ‘అమ్మకు బాగైపోయింది’ అని ఇంటికి తీసుకెళ్లిపోయే కుటుంబాలు ఎన్నో. కొన్ని నెలలకు గడ్డ మళ్లీ వచ్చాక చేయగలిగింది తక్కువ. మీరు వైద్యం చేయిస్తున్న చోట ఆ యంత్రం ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, ఏ తేదీకి అని ఈ వారమే అడగండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రి, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వంటి ప్రభుత్వ కేంద్రాల్లోనూ విచారించవచ్చు.

కొత్తగా వచ్చిన పద్ధతులూ ఉన్నాయి. కరెంటుకు ముందు ఆరు వారాల కీమో ఇస్తే ఫలితం మెరుగైందని 2024లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. కానీ అది మొదలుకు ముందే తీసుకోవలసిన నిర్ణయం, మీకు ఇప్పుడు వర్తించదు. ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ కలపడం వల్లా లాభం కనిపించింది. దాని ఖర్చు మాత్రం పొలం అమ్మినా సరిపోనంత.

ఇన్ని చెప్పాక కూడా మీ అన్నయ్య మనసు ఆగకపోతే, ఒక దారి ఉంది. ప్రస్తుత ఆస్పత్రిలో కరెంటు, కీమో అనుకున్న తేదీలకే సాగుతూ ఉండగా, వేడి మాత్రం అదే రోజు, కరెంటుకు కొద్ది గంటల ఎడంలో, దగ్గర్లోనే ఇవ్వగలరా అని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేల్చాలి. కుదరదంటే అక్కడితో వదిలేయండి. కుదురుతుందంటే ఆ కేంద్రం వారిని ఒక్కటే అడగండి: గడ్డ దగ్గర ఉష్ణోగ్రత ఎంతకు చేరిందో ఎలా కొలుస్తారు? నిజంగా ఈ వైద్యం చేసేచోట మూత్రాశయంలో, యోనిలో, మలద్వారంలో సన్నటి కొలత తీగలు పెడతారు, లేదా ఎంఆర్ఐతో కొలుస్తారు. వైద్యం అయ్యాక ఎన్ని నిమిషాలు ఎన్ని డిగ్రీలు అని కాగితం ఇస్తారు. ‘మా యంత్రానికి కొలత అక్కరలేదు’ అనో, ‘పేషెంటుకు వెచ్చగా అనిపిస్తే చాలు’ అనో అంటే లేచి వచ్చేయండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికీ, తుంటిలో లోహపు కీలు ఉన్నవారికీ ఇది పనికిరాదు. పొట్ట కొవ్వు ఎక్కువగా ఉంటే ఆ కొవ్వే కాలి గట్టిపడి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా నొప్పి పెట్టవచ్చు.

పనిలో పనిగా మరొకటి. మన నగరాల్లోని పెద్ద ఆస్పత్రుల ప్రకటనల్లో కనిపించే ‘హైపెక్’ వేరు. అది అండాశయ క్యాన్సర్ వంటి వాటిలో ఆపరేషన్ చేస్తూనే పొట్టలో వేడి కీమో ద్రవం తిప్పడం. మీ అమ్మగారి జబ్బుకు దానితో సంబంధం లేదు.

కాపడం గురించి అడిగారు. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటినా మన ఒంటి లోపల 37 చుట్టూనే ఉంటుంది. రక్తం ఆ వేడిని మోసుకొచ్చి చెమటగా వదిలేస్తుంది. వేడినీళ్ల సంచి వేడి కూడా అంతే, చర్మం దాటి నాలుగు వేళ్ల లోతుకు చేరదు. గర్భాశయ ముఖద్వారం ఇంకా లోతులో ఉంటుంది. అక్కడికి చేర్చడానికే రేడియో తరంగాలు, నడుము చుట్టూ యాంటెన్నాలు కావలసి వచ్చాయి. ఇంటి కాపడంతో మేలు లేదు సరికదా, కరెంటు పడిన చర్మం ఇప్పటికే పలచబడి ఉంటుంది, కాలితే త్వరగా మానదు. పుండు పడితే కరెంటు ఆపవలసి రావచ్చు. కాపడం, వేడి నూనె, ఇటుక కాచి గుడ్డలో చుట్టి పెట్టడం ఏవీ వద్దు. గోరువెచ్చని నీళ్లతో స్నానం, వదులుగా ఉండే నూలు బట్టలు చాలు. అక్కడి చర్మం నల్లబడినా, చెమ్మగా అనిపించినా మరుసటి సిట్టింగులోనే టెక్నీషియన్‌కు చూపించండి.