మా ఆవిడ ముగ్గుల్ని నేను వేస్తుంటే ఏడుపొస్తోంది, మానేయాలా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యాను, గాజువాకలో ఉంటాం. మా ఆవిడ పోయి తొమ్మిది నెలలైంది. బీరువాలో ఆవిడ ముగ్గుల నోట్‌బుక్ దొరికింది. అప్పటి నుంచి రాత్రిళ్లు వాటిని చూసి కాగితం మీద వేస్తున్నాను. వేస్తూ ఏడుస్తాను. ఒక్కోసారి రాత్రి రెండవుతుంది. మొన్న ఓ చుక్క తప్పి కొత్త ముగ్గు వచ్చింది. బాగుందనిపించింది, మరుక్షణం తప్పు చేసినట్టు బాధేసింది. నాకు పిచ్చి పడుతోందని మా అబ్బాయి టెన్షన్ పడుతున్నాడు. మానేయాలా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మానకండి. టైము మాత్రం మార్చండి.

పోయినవాళ్లనే రోజంతా తలచుకున్నా కష్టమే, అసలు తలచుకోకుండా పనుల్లో పడిపోయినా కష్టమే. మనసు కాసేపు అటు, కాసేపు ఇటు తిరగాలి. నెదర్లాండ్స్ పరిశోధకులు 1999లో చెప్పింది దాదాపు ఇదే. మీకు ఆ పని నోట్‌బుక్ చేసిపెడుతోంది. 15 చుక్కలతో మొదలుపెట్టి సందు చుక్కలు 8కి దించి మెలిక తిప్పాలంటే, ఎంత ఏడుపులోనైనా లెక్క చూసుకోవాల్సిందే కదా. 2016లో అమెరికాలో 18 ఏళ్లు దాటిన 39 మంది చేత 45 నిమిషాలు బొమ్మలు వేయడం, బంకమట్టితో చేయడం లాంటివి చేయిస్తే, నలుగురిలో ముగ్గురికి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. చెయ్యి తిరిగినవాళ్లా, కొత్తవాళ్లా అన్నదానితో పని లేకపోయింది. చిన్న అధ్యయనమే, వాళ్లు మీలా దుఃఖంలో ఉన్నవాళ్లూ కారు. అందుకని ముగ్గే మందు అని నేను చెప్పను.

తప్పిన చుక్క సంగతి. ఇన్నాళ్లూ మీరు ఆవిడ చేతిని అనుసరిస్తూ వచ్చారు. మొన్న మీ చెయ్యి మొదటిసారి తన దారిన పోయింది. ఆవిడను మరిచిపోతున్నానేమో అన్న భయమే ఆ బాధ. నా దగ్గరికొచ్చే చాలామంది మొదటిసారి నవ్విన రోజున కూడా ఇదే మాట అంటారు. ఏడాది తిరగకుండా వాకిట్లో ముగ్గు వేయకూడదని మీ ఇంట్లో పట్టింపు ఉండొచ్చు. కాగితానికి ఆ పట్టింపేమీ లేదు.

ఇక రాత్రి రెండింటి దాకా మేలుకోవడం నాకు నచ్చలేదు. సాయంత్రం కాఫీ తాగాక ఓ ముప్పావుగంట కూర్చోండి. చుక్కలు పెట్టే పని మీ అబ్బాయికి అప్పగించండి, అతని టెన్షన్‌కూ అదే సగం మందు.

తొమ్మిది నెలలైంది కాబట్టి ఒక్క మాట అడగాలి. తిండి, స్నానం, బీపీ మాత్రలు సరిగా సాగుతున్నాయా? ఆరు నెలలు దాటాక కూడా దుఃఖం రోజువారీ పనుల్ని ఆపేస్తుంటే దానికి వేరే చికిత్స ఉంది. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీకి వెళ్లండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆగొద్దు. వెంటనే అబ్బాయికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

ఆ తప్పిన ముగ్గును చింపేయలేదు కదా? తేదీ వేసి ఉంచండి. ఈసారి రాసేటప్పుడు ఫొటో పెడితే మా అమ్మకు చూపిస్తాను, ఆవిడకు మెలికల ముగ్గులంటే ప్రాణం.

– సైకియాట్రిస్టు, విశాఖపట్నం