కేబులు తప్పని ఎవరు కనిపెట్టారు?

ప్రశ్న: మాది గుణుపురం. ఇంట్లో తెలుగే, పాప చదువు మాత్రం ఒడియా మీడియం. ఈ ఏడు పదో తరగతి పరీక్షలు రాసింది. దాచుకున్న డబ్బుల్లో ఐదొందలు పెట్టి ఈఎస్‌పీ32 అనే, ప్రోగ్రాము ఎక్కించి నడిపించే చిన్న వైఫై బోర్డు తెప్పించుకుంది. మూడు రోజులు పని చెయ్యలేదని ఏడ్చింది. కేబులు మార్చాక లైటు వెలిగిందని గంతులేసింది. ఇప్పుడు డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదువుతానంటోంది. మావారేమో ప్లస్ టూ చదివించి కంప్యూటర్స్‌లో చేర్పిద్దామంటున్నారు. ఒక బోర్డును చూసి చదువు తేల్చుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నేను రెండోసారి చదివింది ‘కేబులు మార్చాక’ అన్న ముక్క. ఆ కేబులు తప్పని ఎవరు కనిపెట్టారు? ఫోను ఛార్జింగుకు ఇచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలు తప్ప డేటా తీగలుండవు. కరెంటు వచ్చిందని చూపే లైటు బోర్డు మీద వెలుగుతుంది గానీ, బోర్డు కంప్యూటరుకు కనబడదు. పాప వెలిగించాలనుకున్న లైటు ప్రోగ్రాము ఎక్కితేనే వెలుగుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఎవరో చెబితే మార్చిందా, డ్రైవరు (బోర్డును కంప్యూటరు గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) చూసి, కంప్యూటరు పోర్టు చూసి, చివరికి తనే కేబులు దాకా వచ్చిందా అని పాపను అడగండి. చెబితే మార్చినా తప్పేం లేదు. తనే వచ్చిందంటే మాత్రం ఆ మూడు రోజుల ఏడుపు దండగ కాదు.

బోర్డును బొమ్మ అనుకోకండి. దాని మీదుండే ఈఎస్‌పీ32 చిప్‌ను షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ 2016లో తెచ్చింది. బడుల్లో ఎక్కువగా చూపించే ఆర్డుయినో ఊనో ఆర్3 అనే బోర్డులో వైఫై లేదు, పని చేసుకునే మెమరీ 2 కేబీ. దీంట్లో 520 కేబీ, వైఫై, బ్లూటూత్ ఉన్నాయి. అలాగని లైటు వెలిగించగానే ఇంజనీరు అయిపోయినట్టు కాదు. ఆ ప్రోగ్రాము రెడీమేడ్‌గా దొరుకుతుంది.

అందుకే ఈ సెలవుల్లో ఇంటికి పనికొచ్చే వస్తువు ఒక్కటి పూర్తి చెయ్యమనండి. మేడ మీద ట్యాంకు పొంగి, పక్కింటివాళ్లు ‘మోటారు ఆపండమ్మా’ అని కేకేసేది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ట్యాంకులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఫోనులో చూపిస్తే చాలు. (నిజానికి ఆ పనికి పాతకాలపు తేలే స్విచ్చి చాలు, కానీ మనకు కావాల్సింది నేర్చుకోవడం.) దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సారు వాడితే ఒక జాగ్రత్త చెప్పండి. మామూలు రకం 5 వోల్టులతో నడుస్తుంది, తిరిగి పంపే సిగ్నలూ 5 వోల్టులే. ఈ బోర్డు పిన్నులు 3.3 వోల్టులవి. మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గించాలి. ఆ రెండు రూపాయల పని బద్ధకించి నేనొక బోర్డు కాల్చుకున్నాను. ఆ వాసన ఇంకా గుర్తుంది.

ఇంట్లో వైఫై ఉన్నా బోర్డుకు దొరకలేదంటే రౌటరు 5 గిగాహెర్ట్జ్‌లో ఉందేమో చూడాలి. ఇది 2.4 మాత్రమే పట్టుకుంటుంది. ఇలాంటి ప్రతి చిక్కునూ తేదీతో నోటుబుక్కులో రాయమనండి: ఏం జరిగింది, ఏది మార్చి చూసింది, ఏది కుదిరింది. ఒడియాలో రాసినా, తెలుగులో రాసినా ఒకటే. మోటారును మాత్రం బోర్డుతోనే ఆన్, ఆఫ్ చేస్తానంటే ఒప్పుకోకండి. అది 230 వోల్టుల వ్యవహారం, పక్కన ఎలక్ట్రీషియన్ ఉండాల్సిందే.

ఇక చదువు. పదో తరగతి తర్వాత డిప్లొమా మూడేళ్లు, లేటరల్ ఎంట్రీలో బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్లు. ప్లస్ టూ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. ఎటు వెళ్లినా ఆరేళ్లే. కాబట్టి ఏడాది వృథా అన్న టెన్షన్ వద్దు. తేడా లెక్కల్లో ఉంది. లెక్కలంటే భయం లేకపోతే నా ఓటు ప్లస్ టూ సైన్స్‌కే. ఎన్ఐటీ దారి దగ్గరవుతుంది, బ్రాంచి నిర్ణయం రెండేళ్లు వాయిదా పడుతుంది. లెక్కలు నెట్టుకొస్తూ, చేత్తో పని చేసేటప్పుడే హుషారుగా ఉండే పిల్లయితే డిప్లొమా మంచిది. డిప్లొమా అంటే మార్కులు రానివాళ్ల చదువన్న చిన్నచూపు మన బంధువుల్లో ఉంది. పట్టించుకోకండి.

మీవారికి ఒక మాట. ఆ బోర్డులో సగం పని ప్రోగ్రామింగే. అంటే ఆయన చెప్పే కంప్యూటర్స్‌కూ పాప అడిగే ఎలక్ట్రానిక్స్‌కూ మధ్య పెద్ద గోడేమీ లేదు. మీ జిల్లాలోనే రాయగడ దగ్గర కాగితం మిల్లు ఉంది, కాశీపూర్ వైపు అల్యూమినా కర్మాగారం ఉంది. అలాంటి చోట్ల సెన్సార్లు, కంట్రోల్ ప్యానెళ్లు చూసుకునే ఇన్‌స్ట్రుమెంటేషన్ మనుషులు కావాలి. వాళ్లు వాడేది ఈ చిన్న బోర్డు కాదు, ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే గట్టి రకం కంట్రోలరు. కానీ తీగ ఎక్కడ తెగిందో ఓపిగ్గా వెతికే అలవాటు రెండింటికీ ఒకటే.

ఇంగ్లీషు సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. ఈ రంగంలో డేటాషీట్లు, అంటే ఒక్కో చిప్ వివరాలు చెప్పే పత్రాలు, ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని వాటిల్లో రోజుకో పేజీ చదవమనండి.

అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఆ నోటుబుక్కులో పేజీలు రెండు ఫొటో తీసి, లెక్కల మార్కులతో కలిపి నాకు పంపండి. ట్యాంకు పొంగుతూనే ఉన్నా పర్వాలేదు.