టెక్ సందేహాలు: ఒక టెలిస్కోపు, చుట్టూ ఆరుగురు మిత్రులు

వానలు వెనకబట్టి ఆకాశం తేటపడగానే నక్షత్రాలు చూడ్డానికి ఊరి బయటికి వెళ్లే మిత్ర బృందాల నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు ఒకరి టెలిస్కోపు, ఇంకొకరి బ్యాటరీ, మరొకరి ఫోన్ కలిపి వాడుకునే చోట పుట్టిన చిక్కులే. చదువుతుంటే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. టెలిస్కోపు బాగానే ఉంటుంది. ఏ ఫోన్ ఏ పని చేయాలో ఇంటి దగ్గర తేల్చుకోకుండా బయల్దేరడం వల్ల రాత్రి సగం సెట్టింగుల్లోనే గడిచిపోతుంది.

ప్రశ్న: ఆరుగురం డబ్బులు వేసుకుని, పేరు చెబితే దానంతటదే నక్షత్రం వైపు తిరిగే గో-టు టెలిస్కోపు కొన్నాం. ఫోన్‌తో వై-ఫైలో కలిపితే కాసేపటికే తెగిపోతోంది. కలిసినప్పుడు కూడా చెప్పిన నక్షత్రం వైపు కాకుండా ఇంకెటో తిరుగుతోంది. మెషీన్ పాడైందా? (కర్నూలు)

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మెషీన్ పాడై ఉండే అవకాశం తక్కువ.

ముందు వై-ఫై చూద్దాం. టెలిస్కోపు తన సొంత వై-ఫై ఇస్తుంది కానీ అందులో ఇంటర్నెట్ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఇది గమనించి, 'ఇది పనికొచ్చే నెట్‌వర్క్ కాదు' అనుకుని మొబైల్ డేటాకి మారిపోతుంది. యాప్ అక్కడే తెగుతుంది. కనెక్ట్ చేసేటప్పుడు 'ఇంటర్నెట్ లేదు, అయినా కనెక్ట్ అయి ఉండాలా' అని అడిగితే అవుననండి. మొబైల్ డేటా, వీపీఎన్ ఆపేయండి. బ్యాటరీ సేవర్ కూడా తీసేయండి, స్క్రీన్ ఆరగానే యాప్‌ని నిద్రపుచ్చేది అదే. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి 'లోకల్ నెట్‌వర్క్' అనుమతి ఉందో లేదో చూడండి. అది లేకపోతే వై-ఫై కలిసినట్టే కనిపిస్తుంది, టెలిస్కోపు మాత్రం కదలదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆరుగురిలో ఒక్కరి ఫోనే టెలిస్కోపును నడపాలి. మిగతా ఐదు ఫోన్లలో ఆ వై-ఫై పేరును 'ఫర్గెట్' చేయండి. ఒకరు బృహస్పతి అని, ఇంకొకరు కృత్తికలు అని ఒకేసారి ఆదేశాలు పంపితే మోటారు అటూ ఇటూ తిరుగుతుంది, అందరూ మెషీన్‌నే తిడతారు. యాప్ అప్‌డేట్లు, ఆ ప్రాంతం మ్యాపు ఇంట్లో ఉండగానే దించుకోండి. అప్పటికీ వై-ఫై మొండికేస్తే, మీ టెలిస్కోపుతో చేతి రిమోట్ వచ్చి ఉంటే అది తీయండి. దానికి ఫోన్‌తో పనే లేదు.

ఇక రెండోది, ఇంకెటో తిరగడం. రిమోట్‌తో సెట్ చేసేవాళ్లు దాదాపు అందరూ పడే చోటు ఇది. చాలా రిమోట్లు తేదీని అమెరికా పద్ధతిలో అడుగుతాయి, ముందు నెల, తర్వాత రోజు. డిసెంబరు 5 కోసం 05/12 అని కొడితే అది మే 12 అనుకుంటుంది. మే 12న రాత్రి పదింటికి ఒరాయన్ నక్షత్ర సముదాయం అస్తమించి ఉంటుంది. మీ కళ్ల ముందు మెరుస్తున్న ఒరాయన్‌ని చూపించమంటే అది నేలలోకి తిరగబోతుంది. టైమ్ జోన్ దగ్గర +5:30 ఇవ్వండి, 'డేలైట్ సేవింగ్' దగ్గర 'నో' అనండి. రేఖాంశం తూర్పు అని ఉందో లేదో చూడండి, కొన్నిట్లో పశ్చిమం అని ముందే పెట్టి ఉంటుంది.

ఇంకో చిన్న మోసం ఉంది. ఫోన్ మ్యాపులో కర్నూలు 15.83, 78.04 అని దశాంశాల్లో కనిపిస్తుంది. రిమోట్ అడిగేది డిగ్రీలు, నిమిషాలు. దశాంశం తర్వాత భాగాన్ని 60తో గుణించాలి. అంటే 15 డిగ్రీల 50 నిమిషాలు, 78 డిగ్రీల 2 నిమిషాలు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి రిమోట్ వెనక అతికించండి, రేపు ఇంకెవరు పట్టుకెళ్లినా పనికొస్తాయి.

అలైన్‌మెంట్‌కి, అంటే టెలిస్కోపుకి ఆకాశంలో దిక్కులు గుర్తుపట్టించడానికి ఎంచుకునే రెండు నక్షత్రాలు పక్కపక్కన ఉండకూడదు. చలికాలం రాత్రి కాపెల్లా ఒకటి, సిరియస్ ఒకటి తీసుకుంటే దూరం బాగుంటుంది. రోహిణిని రిమోట్ అల్డెబరాన్ అంటుంది, ఆర్ద్రని బెటెల్‌గ్యూస్ అంటుంది, ఈ పేర్లు తెలిసి ఉంటే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. నక్షత్రాన్ని మధ్యకు తెచ్చేటప్పుడు చివరి కదలిక ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి, పైకి, కుడికి బటన్లతో ముగించండి. గేర్లలో ఉండే వదులు అలా అయితే లెక్కను చెడగొట్టదు.

ప్రశ్న: మా దగ్గర 8 అంగుళాల అద్దం ఉన్న, చేత్తో తిప్పే డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది, మోటారు లేదు. బృహస్పతిని పట్టుకుని 'చూడండి' అంటే మూడో మనిషి వచ్చేసరికి మాయమవుతోంది. పిల్లలు నిరాశపడుతున్నారు. ఏదైనా గ్యాడ్జెట్ ఉందా? (వరంగల్)

కొనాల్సింది ఏమీ లేదు. మీ దగ్గరున్న ఐపీస్‌లలోనే (కన్ను ఆనించి చూసే చిన్న లెన్సులు) జవాబు ఉంది.

ఈ రకం టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) సాధారణంగా 1200 మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ మీదున్న అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో వస్తుంది. 10 మి.మీ. ఐపీస్‌తో 120 రెట్లు, 25 మి.మీ.తో 48 రెట్లు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతుంది. మామూలు ఐపీస్ చూపు 52 డిగ్రీలు అనుకుని 120 రెట్లతో భాగిస్తే, మీకు కనిపించే ఆకాశం అర డిగ్రీ కన్నా తక్కువ. గ్రహం మధ్యలో పెట్టాక అంచు దాటడానికి ఒక నిమిషం కూడా పట్టదు. మొదటివాళ్లు కళ్లద్దాలు తీసి, కన్ను ఆనించి, 'ఏదీ, కనపడట్లేదే' అనేలోపే అయిపోతుంది. అదే 48 రెట్ల దగ్గర రెండు నిమిషాలకు పైగా ఉంటుంది. బృహస్పతి నాలుగు పెద్ద చంద్రులు 48 రెట్లకే చక్కగా కనిపిస్తాయి. కాబట్టి వరసలో నిలబడ్డవాళ్లందరికీ ముందు 25 మి.మీ.తో చూపించండి. అందరూ చూశాక, ఇంకా ఆసక్తి ఉన్నవాళ్లకి 10 మి.మీ. పెట్టండి.

గ్రహాన్ని మధ్యలో పెట్టకండి, అది ఏ అంచు నుంచి లోపలికి వస్తుందో ఆ అంచు దగ్గర పెట్టి పక్కకు జరగండి. తర్వాతి మనిషి కన్ను పెట్టేసరికి మధ్యలో ఉంటుంది. ప్రతి ఒక్కరికీ ముందే చెప్పండి: గొట్టం ముట్టుకోవద్దు, ఫోకస్ చక్రం మాత్రం ధైర్యంగా తిప్పుకోవచ్చు. చాలామంది మొహమాటంతో ఫోకస్ తిప్పరు, మసకగా ఉన్నా 'బాగుంది' అని తప్పుకుంటారు. దగ్గరి చూపు, దూరపు చూపు అద్దాలవాళ్లు అద్దాలు తీసేసి ఫోకస్ సరిచేసుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లు అద్దాలతోనే చూడాలి. పిల్లలకి గట్టి స్టూలు ఒకటి తీసుకెళ్లండి. అది లేకపోతే వాళ్లు ఐపీస్‌నే పట్టుకుని వేలాడతారు.

కారులో తెచ్చిన వెంటనే పెద్ద రెట్లతో చూస్తే బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది. అద్దం బయటి చలికి సర్దుకోవడానికి అరగంటో, ముప్పావు గంటో పడుతుంది. దిగగానే ముందు టెలిస్కోపు బయట పెట్టి, ఆ తర్వాత పులిహోర పొట్లాలు విప్పండి.

ప్రశ్న: మా గో-టు మౌంట్‌కి (టెలిస్కోపుని తిప్పే మోటారు స్టాండ్) 12 వోల్టులు కావాలట. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ సరిపోతుందా? (నిజామాబాద్)

సరిపోవచ్చు, కానీ పవర్ బ్యాంక్ వెనక సన్నటి అక్షరాలు చదివాకే కొనండి. మామూలు యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులు. పవర్ డెలివరీ అనే ఫాస్ట్ ఛార్జింగ్ రకం 9, 15, 20 వోల్టులు ఇస్తుంది, 12 వోల్టులు ఇవ్వాలన్న నియమం లేదు. ఔట్‌పుట్ వరసలో 12 వోల్టులు అని అచ్చయి ఉంటేనే 12 వోల్టుల ట్రిగ్గర్ కేబుల్ (పవర్ బ్యాంక్‌ని ఆ వోల్టులు అడిగి తీసుకునే కేబుల్) పనిచేస్తుంది. లేకపోతే కొన్ని కేబుళ్లు చప్పుడు చేయకుండా 9 వోల్టులకి దిగిపోతాయి. మోటారు కరెంటు గుంజుకున్నప్పుడల్లా మౌంట్ రీస్టార్ట్ అయి అలైన్‌మెంట్ అంతా పోతుంది. పిన్ లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్నది మౌంట్ మీది గుర్తుతో సరిచూసుకోండి, ఇందులో తేడా వస్తే సర్క్యూట్ కాలిపోవచ్చు.

లెక్క ఇదీ: 20,000 ఎంఏహెచ్ అంటే లోపలి 3.7 వోల్టుల దగ్గర 74 వాట్ అవర్లు. మార్పిడిలో పోగా 60 చేతికొస్తుందనుకోండి. మౌంట్ ఒక ఆంపియర్ తీసుకుంటే 12 వాట్లు, అంటే అయిదు గంటలు. అందులోంచే ఫోన్లు ఛార్జ్ చేసుకుంటామంటే కుదరదు, ఫోన్లకి వేరే పవర్ బ్యాంక్ ఉండాలి.

ప్రశ్న: యాప్‌లో నైట్ మోడ్ పెట్టినా అందరి ఫోన్ల వెలుతురు కళ్లలో పడుతోంది. (విశాఖపట్నం)

కంటికి చీకటి అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లటి స్క్రీన్ ఒక్కసారి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. స్టెల్లేరియం లాంటి యాప్‌లోని నైట్ మోడ్ ఆ యాప్ వరకే పనిచేస్తుంది. ఫోన్ కాల్ వచ్చినా, వాట్సాప్ తెరిచినా తెలుపే. ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, కలర్ ఫిల్టర్స్‌లోకి వెళ్లి 'కలర్ టింట్' ఎంచుకుని ఎరుపు పూర్తిగా పెంచండి, ఫోన్ మొత్తం ఎర్రబడుతుంది. ఆండ్రాయిడ్‌లో కంపెనీకో పద్ధతి కాబట్టి నేను సూచించేది ఎర్ర సెల్లోఫేన్ కాగితం. రెండు మూడు పొరలు స్క్రీన్ మీద అతికించి, బ్రైట్‌నెస్ కనిష్ఠానికి దించండి. దీన్ని ఏ అప్‌డేటూ చెడగొట్టదు. కారు తలుపు తీస్తే వెలిగే లోపలి లైటు కూడా ముందే ఆపేయండి.

ప్రశ్న: మిత్రులంతా కలిసి స్మార్ట్ టెలిస్కోపు కొనాలా, డాబ్సోనియనా? హైదరాబాద్ చుట్టుపక్కలే చూస్తాం. (హైదరాబాద్)

సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోపుకి ఐపీస్ ఉండదు. 50 మి.మీ. లెన్స్, వెనక కెమెరా సెన్సర్. కొన్ని సెకన్ల ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఫోన్‌లో చూపిస్తుంది. బరువు రెండున్నర కిలోలు, బ్యాటరీ లోపలే. నగరం వెలుతురులో కూడా ఒరాయన్ నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) రంగుల్లో వస్తుంది. గ్రహాలు మాత్రం చిన్న చుక్కలే. 8 అంగుళాల డాబ్సోనియన్ అద్దం దానికన్నా 16 రెట్లు ఎక్కువ వెలుతురు పోగుచేస్తుంది, కానీ 20 కిలోలు దాటుతుంది, కారు కావాలి, చీకటి కావాలి.

నా ఓటు డాబ్సోనియన్‌కే. ఎన్నో ఏళ్ల కింద బయల్దేరిన వెలుతురు నేరుగా మన కంట్లో పడడం వేరు, స్క్రీన్ మీద బొమ్మ చూడడం వేరు. ఒక మినహాయింపు ఉంది. మీ ఇళ్లలో వంగి ఐపీస్‌లో చూడలేని పెద్దవాళ్లు ఉంటే, ఒక కన్ను సరిగా కనిపించని వాళ్లు ఉంటే స్మార్ట్ టెలిస్కోపు కొనండి. మేడ మీద కుర్చీ వేసి, ట్యాబ్ చేతికిచ్చి వాళ్లకి నెబ్యులా చూపించగలగడం చిన్న సంగతి కాదు.

డాబ్సోనియన్ కొంటే మాత్రం నగరం వదలాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా తన 48 అంగుళాల టెలిస్కోపుని 1968లో నగరంలో పెట్టలేదు, 50 కిలోమీటర్లకు పైగా దూరంలో జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టింది. వెళ్లే పొలం ఎవరిదో కనుక్కుని ముందే అడగండి. అడవి ప్రాంతమైతే అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు.

ప్రశ్న: ఐపీస్‌కి ఫోన్ ఆనించి చంద్రుణ్ని తీస్తే తెల్ల ముద్దలా వస్తోంది. గ్రూపులో పంపితే ఇంకా పాడవుతోంది. (గుంటూరు)

చంద్రుడి మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తర్వాత వేలు కిందికి జరిపి, బిలాల అంచులు కనిపించేదాకా వెలుతురు తగ్గించండి. ఫోన్‌ని బిగించే అడాప్టర్ వాడండి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. డాబ్సోనియన్‌కి ఫోన్ బరువుతో ముందు భాగం వాలిపోతుంటే, గొట్టం వెనక చివర అంతే బరువు కట్టండి. ఇంకా మెరుగ్గా కావాలంటే ఫొటో బదులు ఒక నిమిషం వీడియో తీసి, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేయండి. గాలి కదలికకు చెడిన ఫ్రేములు వదిలేసి మంచివాటిని పేర్చి ఒక్క ఫొటో ఇస్తుంది.

వాట్సాప్ ఫొటోని కుదించి పంపుతుంది. గ్యాలరీ నుంచి కాకుండా 'డాక్యుమెంట్'గా పంపండి. ఆండ్రాయిడ్ ఫోన్లయితే అక్కడే క్విక్ షేర్‌తో ఇచ్చేసుకోవచ్చు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది.

ప్రశ్న: తెల్లవారుజామున లెన్స్ మీద మంచు పట్టింది. తుడిచి పెట్టెలో పెట్టేశాం. ఇప్పుడు తెల్లటి దారాల్లాంటి మచ్చలు వచ్చాయి. (కాకినాడ)

అది ఫంగస్ అయి ఉండొచ్చు. మీరే రుద్దకండి, అద్దం పూత పోతుంది. కెమెరా లెన్సులు శుభ్రం చేసేవాళ్లకి చూపించండి. ఇకముందు మంచు పట్టినా తుడవొద్దు. ఇంటికొచ్చాక మూతలు తీసి ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి, పూర్తిగా ఆరాక సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో పెట్టండి. ఆరబెట్టే బాధ్యత ఆ రాత్రి టెలిస్కోపు ఎవరింటికి వెళ్తే వాళ్లదని బృందంలో ముందే అనుకోండి. చూడ్డం అయిపోయి అందరూ కునుకు తీసే ముందు టెలిస్కోపుకీ, దాని మీద గురి చూడ్డానికి ఉండే చిన్న ఫైండర్‌కీ మూతలు తప్పకుండా పెట్టండి. సూర్యుడు వచ్చాక మూత లేని టెలిస్కోపులో పొరపాటున ఎవరైనా కన్ను పెడితే చూపు పోతుంది.