గొల్లభామ కాలు వంకరపోయింది, ఏం చేయాలి? – సమాధానం

మీరు పచ్చడి సీసాలో పెంచుతున్న గొల్లభామ పురుగు (మాంటిస్) కాలు వంకరపోయిందని అడిగారు. కుబుసం విడుస్తూ జారిపడి ఉంటుంది, రోగమనుకోను. హనుమకొండ మే ఎండకు సీసాలో గాలి పొడిబారితే పాత చర్మం కాళ్లకు అంటుకుపోతుంది. తర్వాతి కుబుసానికి ఇలా చేయండి:

1. సాయంత్రం సీసా గోడలపై సన్నగా నీళ్లు చిలకరించండి, పురుగు మీద కాదు.

2. అందరూ మరిచేది పైకప్పు. గొల్లభామ తలకిందులుగా వేలాడి కుబుసం విడుస్తుంది. మీ పచ్చడి సీసా నున్నని మూతకు పట్టు ఎక్కడిది? మూత తీసి దోమతెర గుడ్డ కట్టండి. కింద దాని ఒంటి పొడవుకు కనీసం 3 రెట్లు ఖాళీ ఉండాలి. పుల్లలు అడ్డం పెట్టకండి.

3. కుబుసం ముందు తిండి మానేస్తే, మేతగా వేసిన ఇలకోళ్లను తీసేయండి. మెత్తబడిన ఒంటిని అవే కొరుకుతాయి!

విడిచాక ఒక రోజు ముట్టుకోవద్దు. రెక్కలు రాని పిల్లయితే కాలు తర్వాతి కుబుసాల్లో సరికావచ్చు. రెక్కలొచ్చిందా, ఇక కుబుసం లేదు, కాలు అలాగే ఉంటుంది. వేటాడలేకపోతే ఈగను పట్టకారుతో నోటికి అందించండి.