‘మేము నిర్ణయించాం’, ‘మనం నిర్ణయించాం’: ఏది సరి?

సందేహం: మా వీధి సంఘం చెరువు గట్టు మీద నడకదారి, పిల్లలకు ఆటస్థలం ఏర్పాటు చేయాలని తలపెట్టింది. ఇంటింటికీ పంచిన తెలుగు కరపత్రంలో ‘మన చెరువు గట్టును బాగుచేయాలని మేము నిర్ణయించాం. మీ సూచనలు ఇవ్వండి’ అని ఉంది. ఒకే వాక్యంలో ‘మన’, ‘మేము’ కలపడం తప్పని ఎదురింటి పెద్దాయన అంటారు. తప్పు లేదని మా అబ్బాయి వాదన. ఎవరిది ఒప్పు? – ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం: వ్యాకరణం మీ అబ్బాయి పక్షాన ఉంది. చెరువు చదివేవారిది కూడా, కాబట్టి ‘మన’. నిర్ణయంలో చదివేవారు లేరు, కాబట్టి ‘మేము’. రెండూ వాటి వాటి చోట్ల సరిగ్గానే కూర్చున్నాయి. అయితే పెద్దాయన చెవికి ఏదో తగిలింది, అదీ నిజమే. నిర్ణయం అయిపోయిందని చెప్పి, వెంటనే సూచనలు అడగడం ఏమిటి? ఆయన తప్పుపట్టింది మాటల పొందికను, ఆయనను నొప్పించింది మాత్రం పని జరిగిన తీరు.

వినేవారిని కలుపుకొంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. ఈ భేదం తెలుగుకు మూలద్రావిడం నుంచి వచ్చింది. తమిళంలో నామ్, నాంగళ్ ఇలాంటివే. కన్నడం దీన్ని పోగొట్టుకొని ‘నావు’తో సరిపెట్టుకుంది. మరాఠీ ద్రావిడ భాష కాకపోయినా ఆపణ్, ఆమ్హీ అని రెండు ఉంచుకుంది. మీకు దగ్గరలోని కంధమాల్ కొండల్లో వినిపించే కుయి భాషలోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో లేదు. కరపత్రం మొదట ఇంగ్లీషులో రాసి తెలుగు చేస్తే, చేసేవారు ఆలోచించకుండా అన్నిచోట్లా ‘మేము’ దించేస్తారు. మీ సంఘం వారు కనీసం ‘మన చెరువు’ అన్నారు, సంతోషం.

ఇక్కడ క్రియ మనకు సాయపడదు. ‘మేము నిర్ణయించాం’, ‘మనం నిర్ణయించాం’ రెండింటికీ క్రియారూపం ఒక్కటే. సర్వనామం ఎగరగొట్టి ‘నిర్ణయించాం’ అని వదిలేస్తే ఎవరు నిర్ణయించారో తేలదు. సమావేశాల మినిట్సులో ఈ లోపం తరచుగా చూస్తాం. కొందరు ఇంకో అడుగు వేసి ‘నిర్ణయించడమైనది’ అంటారు. అందులో మనిషే ఉండడు. ఎవరిని అడగాలో తెలియకుండా చేయడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు.

‘-దాం’ చేర్చిన రూపం అలా కాదు. ‘కడదాం’, ‘గీద్దాం’ అన్నప్పుడు ఎదుటివారు అందులో ఉండి తీరాలి. ‘మేము కడదాం’ అనం. ‘మేము కడదామనుకుంటున్నాం’ మాత్రం చక్కటి తెలుగే. ఎందుకంటే ఆ ‘కడదాం’ తమలో తాము అనుకున్న మాట, మీతో అన్న మాట కాదు. కరపత్రంలో ఈ రెండోది కనిపిస్తే మిమ్మల్ని పిలవలేదని, మీకు కబురు మాత్రమే చెప్పారని అర్థం చేసుకోండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇదే విషయం మీద నగరపాలక సంస్థకు అర్జీ పెడితే ‘మా వీధి’, ‘మా చెరువు గట్టు’ అనే రాయాలి, కమిషనర్ మీ వీధివారు కారు గదా. ‘మన నగరం’ అంటే మాత్రం ఆయనకూ చోటుంటుంది.

పట్టణ ప్రణాళికల విషయంలో ఈ సర్వనామాల గొడవ చిన్నది కాదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2011 జనగణనలో బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది కాబట్టి మీ ఊరూ ఆ లెక్కలోదే. కానీ మాస్టర్ ప్లాన్లు సాధారణంగా నడిచే తీరు వేరు: అధికారులు ముసాయిదా ప్రకటిస్తారు, ప్రజలు గడువులోగా అభ్యంతరాలు చెప్పాలి. అది ‘మేము గీశాం, మీరు చూడండి’ పద్ధతి. అమెరికాలో ప్రభుత్వ విధానాలను పరిశీలించిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల పాత్రను ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపారు. అందులో సమాచారం ఇవ్వడం మూడో మెట్టు, అభిప్రాయం అడగడం నాలుగో మెట్టు. నిర్ణయంలో వాటా ఆరో మెట్టు నుంచి మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే ‘మనం’ అనే హక్కు అక్కడ వస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ‘మన ఊరు – మన ప్రణాళిక’ అని పేరు పెట్టింది. పేరులో వంక పెట్టడానికి లేదు. ఆ ‘మన’ ఏ ఊళ్లో నిజమైందో ఆ ఊరి గ్రామసభలో కూర్చున్నవారే చెప్పాలి.

మీ కరపత్రంలో నేను మార్చదలచింది మరొకటి కూడా ఉంది. ‘బాగుచేయాలని’ బదులు ‘బాగుచేసుకోవాలని’ అంటే, అందులో ‘కో’గా మారిన ‘కొను’ వల్ల పని ఫలితం చేసేవారికే దక్కుతుందని తెలుస్తుంది. కాంట్రాక్టరు గట్టును బాగుచేస్తాడు, వీధివారు బాగుచేసుకుంటారు.

అందుకని ఇలా రాయమనండి: ‘మన చెరువు గట్టును ఎలా బాగుచేసుకోవాలో అందరం కలిసి నిర్ణయిద్దాం. సంఘం తరఫున మేము ఒక చిత్తు పటం గీశాం. ఆదివారం గట్టు మీదికి తెస్తాం. అందులో నచ్చనివి కొట్టివేయండి, కావలసినవి గీయండి.’ ఇందులోనూ ‘మన’, ‘మేము’ రెండూ ఉన్నాయి, చూశారా? ఒకవేళ నిర్ణయం నిజంగానే అయిపోయి ఉంటే పాత వాక్యాన్ని కదపవద్దు. ‘మీ సూచనలు ఇవ్వండి’ అన్నది మాత్రం తీసేసి, ‘అభ్యంతరాలు ఉంటే ఫలానా తేదీలోగా చెప్పండి’ అని వేయమనండి.