పొట్లం మీద ఆకు బొమ్మ వేయించాలా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: పదేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి ఇంట్లోనే చేసి మా అపార్ట్‌మెంటులోనూ చుట్టుపక్కల వారికీ అమ్ముతున్నాను. ఇంతవరకు మామూలు ప్లాస్టిక్ కవర్లలోనే ఇచ్చాను. ఈమధ్య ఒక డిజైనర్ అమ్మాయి గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ పౌచ్ తెచ్చి, దాని మీద ఆకు బొమ్మా "పర్యావరణ హితం" అన్న మాటా వేస్తే పొట్లానికి ఇరవై రూపాయలు ఎక్కువ పలుకుతుందని చెప్పింది. పౌచ్ చూడముచ్చటగా ఉంది. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ఆ మాట వేయించవద్దండి. పౌచ్ సంగతి తర్వాత చూద్దాం.

ముందుగా మీ చేతిలో ఉన్న నమూనాను ఒక అంచు దగ్గర చింపి చూడండి. అది కాగితంలా పర్రున చిరగదు; కాస్త సాగి, లోపలి నుంచి వెండిలా మెరిసే ప్లాస్టిక్ పొర ఒకటి బయటపడుతుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పొద్దున్నే గోటితో గీకితే పై కాగితం ముద్దగా ఊడివస్తుంది, ఆ పొర మాత్రం చెక్కుచెదరదు. కొన్ని రకాల్లో అసలు కాగితమే ఉండదు, ప్లాస్టిక్ మీద కాగితం రంగు అచ్చువేసి ఉంటుంది. పొర అక్కడ ఊరికే లేదు. వట్టి కాగితంలో కడితే కరివేపాకు పొడిలోని నూనెను కాగితం పీల్చుకుంటుంది, వానాకాలపు చెమ్మకు కందిపొడి ఉండలు కడుతుంది. కాబట్టి పొర ఉండడం తప్పు కాదు, దాన్ని కాగితం చాటున దాచి, కొనేవారి చేత అదంతా కాగితమే అనిపించడం తప్పు.

ఆ పౌచ్ ఖాళీ అయ్యాక ఏమవుతుందో ఆలోచించండి. 2015 డిసెంబరులో హైకోర్టు ఇచ్చిన ఆదేశంతో మన నగరంలో ప్రతి ఇల్లూ చెత్తను మూడుగా వేరుచేయవలసి వచ్చింది: తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, ఎందుకూ పనికిరాని మురికి చెత్తకు ఎర్ర బుట్ట, పొడి చెత్తకు సంచి. మీ దగ్గర కొన్న ఇల్లాలు ఆకు బొమ్మను నమ్మి పౌచ్‌ను పాత పేపర్లతో కలిపి సంచిలో వేస్తుంది. పొడి చెత్త సేకరణ కేంద్రంలో నేల మీద కూర్చుని ఏరేవారు దాన్ని కాగితంలోనూ కలపలేరు, ప్లాస్టిక్‌లోనూ కలపలేరు, ఎందుకంటే అతికించిన రెండు పదార్థాలను విడదీసే ఖర్చు వాటికి వచ్చే ధరను మించిపోతుంది. అంటే మీకు అదనంగా వచ్చే ఇరవై రూపాయల కోసం, రోజంతా వంగి పనిచేసే మరొకరి చేతికి కూలి గిట్టని పని తగులుతోంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మీరు ఇప్పుడు వాడుతున్న కవరు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసినదైతే, చూపుకు నాసిగా ఉన్నా, ఈ విషయంలో అదే నయం.

చట్టం మాట కూడా తెలుసుకోండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో, లేని పర్యావరణ మేలును ఉన్నట్టు చూపే ప్రకటనలపై మార్గదర్శకాలు జారీ చేసింది. "పర్యావరణ హితం", "భూమికి మేలు" వంటి మాటలు వాడితే ఆ మేలు సరుకుదా, పొట్లానిదా, తయారీ పద్ధతిదా అన్నది స్పష్టంగా చెప్పి, ఆధారం చూపగలగాలి. ఆకుపచ్చ రంగు వేసుకున్నంత మాత్రాన ఆ సంస్థ తప్పుపట్టదు. ఆ రంగు, బొమ్మ, మాట కలిసి కొనేవారిని తప్పుదారి పట్టిస్తేనే పట్టుకుంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మోసపుచ్చే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

"అయితే మట్టిలో కలిసిపోయే కవరు ఇస్తాం" అని ఎవరైనా వస్తే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ధ్రువపత్రం చూపమనండి. ధ్రువపత్రం ఉన్నా, అలాంటి కవర్లలో చాలావరకు పెద్ద ఎరువు కేంద్రాల్లో ఉండే అరవై డిగ్రీల దాపు వేడికే కుళ్ళుతాయి, బాల్కనీలోని కుండీలో కాదు.

ఇక మీరు చేయగలిగింది. అపార్ట్‌మెంటులోని వారికి పచ్చడిని గాజు సీసాలో ఇచ్చి, సీసాకు కొంత సొమ్ము తీసుకుని, తిరిగి తెచ్చినప్పుడు ఆ సొమ్ము ఇచ్చేయండి. తిరిగొచ్చిన సీసాను మరిగించి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి తగిలిన పచ్చడి బూజు పడుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. కొరియర్‌లో పంపేవాటికి గాజు వద్దు, పగలకుండా చుట్టే చుట్టలే మరో చెత్తకుప్ప అవుతాయి. పొడులకు అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకాన్ని తెలిపే అంకె 1 గానీ 5 గానీ ఉన్న, ఆహారానికి తగిన డబ్బాలు వాడండి. వాటిని పాత సామాన్ల కొట్టువారు తూకానికి కొంటారు. పొడిని నెలకు సరిపడా కాక వారానికి సరిపడా దంచితే మెరిసే పొర అవసరమే తగ్గుతుంది. డబ్బా మీద దంచిన తేదీ, కంది ఎక్కడిదో, "ఖాళీ అయ్యాక కడిగి పొడి చెత్తలో వేయండి" అన్న ఒక్క వాక్యం వేయించండి. తాజా పొడికి ఇరవై రూపాయలు ఎక్కువ అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: ప్రకటనల సంస్థలో కొత్తగా చేరాను. సబ్బుల డబ్బా మీద, ప్రభుత్వ గుర్తింపులా కనిపించే గుండ్రటి ఆకుపచ్చ ముద్ర ఒకటి గీయమంటున్నారు. ఎలా కాదనాలి?
– ఒక పాఠకుడు, ఇందిరానగర్

జవాబు: మన దేశంలో పర్యావరణ గుర్తింపు ముద్ర 1991 నుంచే ఉంది, ఎకోమార్క్ అనే ఆ ముద్రలో ఉండేది మట్టికుండ. అది కావాలంటే సరుకును పరీక్షకు పెట్టి అడగవలసిందే, బొమ్మ గీసి సంపాదించేది కాదు. పైన చెప్పిన 2024 మార్గదర్శకాలు సరుకు తయారుచేసేవారికే కాక ప్రకటనల సంస్థలకూ వర్తిస్తాయి కనుక, మీరు కాదనడం మీ సంస్థను కాపాడడమే. మీ పైవారికి ఆ మాట మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి. ఉత్త చేతులతో మాత్రం వెళ్ళకండి. సబ్బులో వాడిన నూనె ఏదో, డబ్బా అట్టలో పాత కాగితం ఎంత పాలు ఉందో తయారీదారును అడిగి తెలుసుకుని, ఆ నిజాన్నే అందంగా పేర్చిన మరో నమూనాను పక్కనే పెట్టి చూపించండి.